ప్రభుత్వాల ఆన్‌లైన్ సేవలను పోల్చడం ఎలా

ఆన్‌లైన్ సేవల్లో ఏ దేశం ముందుందో తెలుసుకోవాలంటే చాలామంది ర్యాంకుల పట్టిక తెరుస్తారు. ఐక్యరాజ్యసమితి 2024 ఈ-గవర్నమెంట్ సర్వేలో డెన్మార్క్ మొదటి స్థానంలో, ఎస్తోనియా రెండో స్థానంలో, సింగపూర్ మూడో స్థానంలో ఉన్నాయి. కానీ డెన్మార్క్‌లో లైసెన్సు రెన్యువల్ ఎన్ని రోజుల్లో చేతికొస్తుందో, ఎస్తోనియాకు కొత్తగా వెళ్లినవాళ్లు ఇంట్లో కూర్చుని చిరునామా నమోదు చేసుకోగలరో లేదో ఆ పట్టిక చెప్పదు. అది తెలియాలంటే ఒక పనిని పట్టుకోవాలి. మనిషికి అవసరం పడిన క్షణం నుంచి ఆ పని పూర్తయి కాగితమో డబ్బో చేతికందేదాకా ఏం జరిగిందో ప్రతి దేశంలోనూ ఒకే కొలతతో రాసుకోవాలి. ఆ పద్ధతే ఇక్కడ వివరిస్తున్నాం.

పోలిక ఎవరి కోసం?

ఇది ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. కొత్త పోర్టల్ కట్టబోయే శాఖకు కావలసింది వేరు, పత్రికా కథనానికి కావలసింది వేరు, వలస వెళ్లేవాళ్లకు కావలసింది వేరు. ఈ వాక్యం లేకుండా మొదలుపెడితే ఏ వివరం సేకరించాలో, ఏది వదిలేయాలో తేలదు. పట్టికలో నలభై కాలమ్‌లు చేరతాయి, ఒక్కదానికీ వాడుక ఉండదు.

సేవలను ఎంచుకోవడం

ఒక్కరే చేస్తుంటే ఐదు సేవలు, మూడు దేశాలు చాలు. అంతకు మించితే లోతు పోతుంది. సేవల్లో వైవిధ్యం ఉండాలి: మనిషికి డబ్బు వచ్చేది ఒకటి (నిరుద్యోగ భృతి లాంటిది), మనిషి డబ్బు కట్టేది ఒకటి (పన్ను), అనుమతి ఇచ్చేది ఒకటి (లైసెన్సు), జీవితంలో మార్పును నమోదు చేసేది ఒకటి (పుట్టుక, చిరునామా మార్పు), వ్యాపారానికి సంబంధించినది ఒకటి (సంస్థ నమోదు). వసూలు చేసే సేవలు సాధారణంగా అన్ని దేశాల్లోనూ ముందు బాగుపడతాయి. పన్ను పోర్టల్ ఒక్కటే చూసి ప్రభుత్వాన్ని మెచ్చుకుంటే మోసపోతారు.

ప్రతి సేవకూ మొదలు, ముగింపు రాయండి. ‘చిరునామా మార్పు’ అని మాత్రమే రాస్తే పోలిక చెడుతుంది. డెన్మార్క్‌లో జనాభా రిజిస్టర్ ఉంది, అక్కడ కొత్త చిరునామా నమోదు చేస్తే ఆ వివరం ఇతర ప్రభుత్వ కార్యాలయాలకూ అందుతుంది. బ్రిటన్‌లో అలాంటి రిజిస్టరే లేదు. డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటర్ల జాబితాకు, పన్ను శాఖకు, స్థానిక కౌన్సిల్‌కు విడివిడిగా చెప్పుకోవాలి. కాబట్టి సేవను ఇలా నిర్వచించండి: ‘ఇల్లు మారిన వ్యక్తి కొత్త చిరునామా లైసెన్సు, పన్ను, ఓటు, స్థానిక సంస్థ నాలుగింటిలోనూ చేరేదాకా.’ అప్పుడు ఒకచోట ఒక్క ఫారం, ఇంకోచోట నాలుగు ఫారాలు కనిపిస్తాయి. అసలు తేడా అదే.

ఫెడరల్ దేశాల్లో ఇంకో చిక్కుంది. జర్మనీలో ఎక్కువ సేవలు రాష్ట్రాలు, మునిసిపాలిటీలు ఇస్తాయి, ఊరు మారితే పోర్టల్ కూడా మారిపోవచ్చు. అలాంటి దేశంలో ఒక పెద్ద నగరం, ఒక చిన్న ఊరు ఎంచుకుని వాటి పేర్లు పట్టికలోనే రాయండి. ఒక్క నగరాన్ని చూసి దేశం మొత్తానికి తీర్పు ఇవ్వడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

‘ఆన్‌లైన్’ అంటే ఎంతవరకు?

ప్రభుత్వాలు ‘మా సేవలన్నీ ఆన్‌లైన్’ అంటే ఆ మాటకు అర్థం రకరకాలుగా ఉంటుంది. జర్మనీ 2017లో చేసిన ఆన్‌లైన్ సేవల చట్టం 575 రకాల సేవలను 2022 చివరికల్లా ఆన్‌లైన్‌లోకి తేవాలంది. గడువు దాటిపోయింది, లక్ష్యం నెరవేరలేదు. అయితే ఆ ప్రయత్నంలో వాడిన మెట్ల లెక్క మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. కొంచెం సరళం చేస్తే ఇలా ఉంటుంది:

0 – వెబ్‌లో ఏమీ లేదు
1 – సమాచారం మాత్రమే ఉంది
2 – ఫారం డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీయాలి
3 – దరఖాస్తు, రుజువులు, చెల్లింపు, జవాబు అన్నీ ఆన్‌లైన్‌లోనే
4 – పైవన్నీ, పైగా ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న వివరాన్ని మళ్లీ అడగరు

రెండో మెట్టు మీదున్న పీడీఎఫ్‌ని మూడో మెట్టుగా లెక్కేసే గణాంకాలు చాలా కనిపిస్తాయి. తేల్చుకోవడానికి ఒకటే పరీక్ష: దరఖాస్తు పంపడానికి ఎక్కడైనా ప్రింటర్, పెన్ను, తపాలా, స్కానర్ అవసరమైందా? అయితే అది మూడో మెట్టు కాదు.

ఈ నిచ్చెనకు పైన ఇంకో మెట్టు జోడించండి: దరఖాస్తే అక్కర్లేనిది. ఆస్ట్రియాలో 2015 మే నుంచి బిడ్డ పుట్టిన వివరం రిజిస్టర్‌లో చేరగానే కుటుంబ భత్యం అర్హత చూసుకుని, సాధారణ కేసుల్లో దరఖాస్తు లేకుండానే చెల్లింపు మొదలుపెడుతున్నారు. నార్వేలో ముందే నింపిన పన్ను రిటర్న్ వస్తుంది. మార్పులేమీ లేకపోతే ఊరుకున్నా సరిపోతుంది, గడువు దాటాక అంగీకరించినట్లే లెక్క. ‘ఆన్‌లైన్ ఫారం ఉందా?’ అని మాత్రమే అడిగే పరిశీలకుడు ఇలాంటి చోట ‘లేదు’ అని సున్నా వేసేస్తాడు. అందరికంటే మంచి సేవకు అందరికంటే తక్కువ మార్కు పడుతుంది. అందుకే ఫారం కోసం వెతకకముందే ‘ఇక్కడ దరఖాస్తు చేయాల్సిన అవసరం ఉందా’ అన్న కాలమ్ పెట్టండి.

ఏ మనుషుల తరఫున చూస్తున్నారు?

ఒకే సేవ ఒకరికి ఐదు నిమిషాల పని, ఇంకొకరికి మూసిన తలుపు. కనీసం ముగ్గురిని ఊహించుకోండి. మొదటివారు అక్కడే పుట్టి పెరిగినవారు, డిజిటల్ గుర్తింపు, బ్యాంకు ఖాతా రెండూ ఉన్నాయి. రెండోవారు కొత్తగా వచ్చినవారు, అక్కడి భాష రాదు, జాతీయ గుర్తింపు సంఖ్య ఇంకా రాలేదు. మూడోవారు చూపు లేక స్క్రీన్ రీడర్‌తో (తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) పనిచేసేవారు, చేతిలో పాత ఫోన్. మొదటివారి ఫలితాలు చాలా దేశాల్లో దగ్గర దగ్గరగానే వస్తాయి. తేడాలు బయటపడేది మిగతా ఇద్దరి దగ్గర.

నడిచి చూడటం

సెర్చ్ ఇంజిన్ దగ్గర మొదలుపెట్టండి, పోర్టల్ హోమ్‌పేజీ దగ్గర కాదు. బ్రౌజర్‌లో ప్రైవేటు విండో తెరిచి, శాఖ వాడే పేరుతో కాకుండా మామూలు మనిషి వాడే మాటలతో వెతకండి. అధికారిక పేజీ ఎన్నో ఫలితంగా వచ్చిందో, దానికి పైన రుసుము గుంజే నకిలీ సైట్లు, ప్రకటనలు ఏమైనా ఉన్నాయో రాయండి. అమెరికాకు వీసా లేకుండా వెళ్లేవాళ్లు తీసుకునే ఎస్టా అనుమతి విషయంలో ఇలాంటి మధ్యవర్తి సైట్ల బెడద పాతదే.

తర్వాత సేవ పేజీ చదవండి. లోపలికి వెళ్లకముందే అర్హత, రుసుము, కావలసిన పత్రాలు, పట్టే కాలం చెప్పారా? లేక లాగిన్ అయితే గానీ ఏమీ చూపించరా? ఈ ఒక్క క్రమం ఎంత నష్టం చేస్తుందో అమెరికా ఆరోగ్య బీమా సైట్ హెల్త్‌కేర్.గవ్ చూపించింది. 2013 అక్టోబరు 1న అది మొదలైనప్పుడు బీమా పథకాలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాల్సిందే. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా ఖాతా నమోదు దగ్గరే పోగయ్యారు, ఆ భాగం కుప్పకూలింది. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురే.

లోపల నడుస్తున్నప్పుడు ఇవి లెక్కపెట్టండి:

- ఎన్ని వివరాలు అడిగారు, వాటిలో ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నవి ఎన్ని
- అప్‌లోడ్ చేయాల్సిన పత్రాలు ఎన్ని, ఒక్కోటి ఎక్కడి నుంచి తేవాలి, ఫైల్ సైజు పరిమితి ఎంత
- గుర్తింపు ఎన్నిసార్లు నిరూపించుకోవాలి
- మనిషి స్వయంగా ఎక్కడికైనా వెళ్లాలా, ఎన్నిసార్లు
- సగంలో ఆపి తర్వాత కొనసాగించవచ్చా
- పంపాక రశీదు, దరఖాస్తు సంఖ్య, స్థితి తెలుసుకునే దారి ఉన్నాయా
- తిరస్కరిస్తే కారణం చెప్తారా, అప్పీలు కూడా ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చా

క్లిక్‌లు లెక్కపెట్టకండి. పేజీకి ఒక్కో ప్రశ్న అడిగే ఫారంలో క్లిక్‌లు ఎక్కువ, తప్పులు తక్కువ. ముప్పై ప్రశ్నలు ఒకే పేజీలో కుక్కితే క్లిక్ ఒక్కటే, కానీ మధ్యలో వదిలేసేవాళ్లు పెరగొచ్చు.

ఒక హెచ్చరిక. పరీక్ష కోసం అబద్ధపు దరఖాస్తు పంపకండి. ‘పైవన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అన్న పేజీ దగ్గర ఆగిపోవాలి. దాటితే చాలా దేశాల్లో నేరం, పైగా అసలు అర్హుల వరుసలో మీ నకిలీ దరఖాస్తు అడ్డుపడుతుంది. లాగిన్ దాటి వెళ్లలేని చోట నిజంగా ఆ సేవ కావలసినవాళ్లను వెతికి, వాళ్ల అనుమతితో పక్కన కూర్చుని గమనించండి. వాళ్ల పేరు, సంఖ్యలు రాసుకోవద్దు, స్క్రీన్‌షాట్‌లో పడితే చెరిపేయండి. శాఖలు విడుదల చేసే డెమో వీడియోలు, సహాయ పత్రాలు కొంతవరకు పనికొస్తాయి గానీ వాటిలో ఏదీ తప్పు జరగదు, అందుకే వాటిని సగం ఆధారంగానే చూడాలి.

గుర్తింపు దగ్గర ఆగిపోయేవాళ్లు

ఎక్కువ సేవలు ఫారంలో కాదు, లాగిన్ దగ్గరే ఓడిపోతాయి. బ్రిటన్ తెచ్చిన వెరిఫై అనే గుర్తింపు వ్యవస్థ 90 శాతం మందిని విజయవంతంగా నిర్ధారిస్తుందని మొదట్లో అంచనా వేశారు. 2019లో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం చూసేసరికి అది 48 శాతం. 2023లో దాన్ని మూసేశారు. దాని మీద ఆధారపడిన సేవల ఫారాలు ఎంత చక్కగా ఉన్నా, వచ్చినవాళ్లలో సగం మందికి ఆ దారిన అవి కనిపించనే లేదు.

అందుకే గుర్తింపును వేరే సేవగా పరీక్షించండి. మొదటిసారి తీసుకోవడానికి ఎంత సమయం, ఏ పత్రాలు కావాలి, ఫోన్ పోతే తిరిగి పొందడం ఎలా, విదేశీ నంబరుకు ఓటీపీ వస్తుందా, తల్లిదండ్రుల తరఫున పిల్లలు వాడుకోవడానికి చట్టబద్ధమైన ఏర్పాటు ఉందా. చివరిది లేని చోట జనం పాస్‌వర్డ్‌లు పంచుకుంటారు. అప్పుడు వినియోగ సంఖ్యలు పెరుగుతాయి, భద్రత తరుగుతుంది.

అందరికీ అందుతుందా?

దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. మౌస్ పక్కనపెట్టి ట్యాబ్ కీతోనే ఫారం చివరిదాకా వెళ్లండి. ఎక్కడున్నారో కనిపించకపోతే లోపం రాసుకోండి. పేజీని 200 శాతానికి పెంచండి. మాటలు తెగిపోయినా, బటన్ కనపడకుండా పోయినా లోపమే. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్ అనే స్క్రీన్ రీడర్లలో ఒకటి పెట్టి తప్పుడు తేదీ ఒకటి కావాలనే నింపండి. తప్పు ఎక్కడ జరిగిందో వినిపించాలి. ఎర్రగీత ఒక్కటే చూపిస్తే చూపు లేనివారికి అది లేనట్టే. పదిహేను నిమిషాలు ఏమీ చేయకుండా వదిలి చూడండి. హెచ్చరిక లేకుండా సెషన్ తెగి రాసినదంతా పోతే అదీ రాయండి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్ వేగం తగ్గించి మళ్లీ తెరవండి.

భాషల సంగతి పైపైన తేల్చకండి. హోమ్‌పేజీ ఐదు భాషల్లో ఉండి, ఫారం ఒకే భాషలో, తప్పుల సందేశాలు ఇంకో భాషలో రావడం మామూలే. ఒక్కో దశకు ఒక్కో భాషా కాలమ్ పెట్టాలి.

సమయాన్ని రెండుగా కొలవాలి

మనిషి ఖర్చుపెట్టిన సమయం ఒకటి, ఎదురుచూసిన కాలం ఇంకొకటి. రెంటినీ ఎప్పుడూ కలపకూడదు. ఒక ఊహా ఉదాహరణ చూడండి. మొదటి దేశంలో ఫారం నింపడానికి 12 నిమిషాలు. కానీ అందులో జతచేయాల్సిన ధ్రువపత్రం కోసం వేరే ఆఫీసుకు రానూపోనూ 120 నిమిషాలు, అక్కడ వరుసలో 40, తర్వాత వేలిముద్రలకు ఇంకోసారి వెళ్లడానికి 90. మొత్తం 262 నిమిషాలు. మూడో రోజున నిర్ణయం వచ్చింది. రెండో దేశంలో ఫారం 35 నిమిషాలు, ఫోటో తీసి పెట్టడానికి 10. మొత్తం 45 నిమిషాలే, గడప దాటలేదు. కానీ నిర్ణయం వచ్చేసరికి 21 రోజులు. ఫారం సమయం ఒక్కటే చూస్తే మొదటిది మేలు, శ్రమ చూస్తే రెండోది, ఆగిన కాలం చూస్తే మళ్లీ మొదటిది. రోజుకూలీ పోగొట్టుకునేవారికి 262 నిమిషాలే బరువు. రేపు ఉద్యోగంలో చేరాల్సినవారికి 21 రోజులే బరువు. అందుకే మొదట రాసుకున్న ఆ ఒక్క వాక్యం అవసరమైంది.

శాఖలు ప్రకటించే రోజుల లెక్కలో మూడు మడతలుంటాయి. ‘15 పనిదినాలు’ అంటే క్యాలెండర్‌లో 21 రోజులు, మధ్యలో సెలవులొస్తే ఇంకా ఎక్కువ. గడియారం దరఖాస్తు పంపినప్పుడు మొదలవుతుందా, ‘అన్ని పత్రాలతో పూర్తి దరఖాస్తు’ అందినప్పుడా అన్నది చూడాలి. రెండోదైతే వెనక్కి పంపిన ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది, కాగితం మీద ఆలస్యం ఉండదు. ఇక ప్రకటించినది లక్ష్యమా, జరిగిన లెక్కా? రెంటికీ వేరు కాలమ్‌లు ఉండాలి. జరిగిన లెక్క దొరికితే సగటుతో సరిపెట్టుకోవద్దు. మధ్యస్థ విలువ (తక్కువ నుంచి ఎక్కువకు వరుసపెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారికి పట్టిన కాలం), ఆ వరుసలో పదిమందిలో తొమ్మిదోవారికి పట్టిన కాలం, ఈ రెండూ అడగండి.

ప్రభుత్వమే ఇచ్చే అంకెలు

బ్రిటన్ 2010ల్లో ప్రతి సేవకూ నాలుగు కొలతలు ప్రకటించాలని పెట్టింది: లావాదేవీకి ఖర్చు, వాడినవారి సంతృప్తి, పూర్తిచేసినవారి శాతం, డిజిటల్ దారి ఎంచుకున్నవారి శాతం. మంచి కొలతలే, కానీ ప్రతిదానికీ కింద ఏ సంఖ్యతో భాగించారో చూడాలి.

వెయ్యిమంది ‘ప్రారంభించండి’ నొక్కారు, 600 మంది లాగిన్ దాటారు, 540 మంది దరఖాస్తు పంపారు అనుకుందాం. లాగిన్ నుంచి లెక్కిస్తే 90 శాతం, మొదటి బటన్ నుంచి లెక్కిస్తే 54 శాతం. రెండూ నిజాలే, పోల్చదగ్గవి మాత్రం కావు. రెండు దేశాల లెక్కలు ఒకే చోట నుంచి మొదలవలేదని తేలితే ఆ వరుసను పోలిక నుంచి తీసేయడం నయం.

డిజిటల్ వాడకం శాతానికి ఇంకో మెలిక. డెన్మార్క్‌లో 2014 నవంబరు 1 నుంచి, మినహాయింపు పొందినవారు తప్ప, 15 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ఉత్తరాలు డిజిటల్ పెట్టెలోకే వస్తాయి. అలాంటి చోట అధిక శాతం చట్టం ఫలితం. స్వేచ్ఛగా ఎంచుకునే దేశంలోని శాతంతో దాన్ని పక్కపక్కన పెట్టలేం. మినహాయింపు ఎంతమంది తీసుకున్నారు, ఎంత సులువుగా దొరుకుతుంది అన్నది అక్కడ చూడాల్సిన అంకె. తెరిచిన ఖాతాల సంఖ్యనూ నమ్మకండి. గత పన్నెండు నెలల్లో కనీసం ఒకసారి వాడినవి ఎన్ని అని అడగండి.

సూచీలను ఎక్కడ వాడాలి?

వాటిని పారేయనక్కర్లేదు, ఏది ఏం కొలుస్తుందో తెలిస్తే చాలు. ఐక్యరాజ్యసమితి సూచీ 193 దేశాలను చూస్తుంది. అందులో మూడు సమాన భాగాలు: ఆన్‌లైన్ సేవలు, టెలికాం సదుపాయాలు, మానవ వనరులు. అంటే మూడింట రెండు వంతుల మార్కు నెట్ విస్తృతికి, చదువుకు సంబంధించినది. సేవల గురించే మాట్లాడుతుంటే ఆన్‌లైన్ సేవల ఉపసూచీ మాత్రమే తీసుకోండి. ప్రపంచ బ్యాంకు గవ్‌టెక్ సూచీ 2022 విడతలో 198 ఆర్థిక వ్యవస్థలను ఎ నుంచి డి వరకు గుంపులుగా విభజించింది. ఇది, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార కూటమి) డిజిటల్ గవర్నమెంట్ సూచీ రెండూ ఎక్కువగా వ్యవస్థలు, విధానాలు, సంస్థాగత ఏర్పాట్లు చూస్తాయి. ప్రభుత్వాలు ఇచ్చే జవాబులకు వాటిలో పెద్దపీట. పైన చెప్పిన నడక పద్ధతికి దగ్గరగా ఉండేది యూరప్ ఈ-గవర్నమెంట్ బెంచ్‌మార్క్. అందులో శిక్షణ పొందిన పరిశీలకులు మామూలు పౌరుల్లా ఇల్లు మారడం, సంస్థ పెట్టడం, ఉద్యోగం పోవడం లాంటి సందర్భాల్లో సేవలను నడిచి చూస్తారు. ఆ దేశాలు మీ జాబితాలో ఉంటే దాని ముడి డేటాతో మీ పరిశీలనలు సరిచూసుకోవచ్చు. ఒక్కో సందర్భాన్ని ఏడాది విడిచి ఏడాది కొలుస్తారు కాబట్టి తేదీ చూసుకోండి.

ర్యాంకు ఐదు మెట్లు దిగితే సేవ పాడైనట్టు కాదు, పక్కవాళ్లు బాగుపడి ఉండొచ్చు, కొలిచే పద్ధతి మారి ఉండొచ్చు. విడతల మధ్య పోల్చేటప్పుడు ర్యాంకు వదిలి మార్కు చూడండి. పద్ధతి మారిందని తెలిస్తే అదీ వదిలేయండి.

వ్యవస్థ ఆగిపోయిన రోజు

పోలికల్లో దీన్ని దాదాపు ఎవరూ రాయరు, రాయాలి. 2023 నవంబరు 17న దక్షిణ కొరియాలో ప్రభుత్వ పరిపాలనా నెట్‌వర్క్ ఆగిపోయింది. ఆన్‌లైన్ పోర్టల్‌తో పాటు స్థానిక కార్యాలయాల్లో ధ్రువపత్రాలివ్వడం కూడా నిలిచిపోయింది, ఎందుకంటే కౌంటర్‌లో ఉద్యోగి వాడేదీ ఆ వ్యవస్థనే. కాబట్టి ‘ఆఫ్‌లైన్ ప్రత్యామ్నాయం ఉందా’ అన్న ప్రశ్నకు ‘ఉంది’ అనే జవాబు చాలదు. ఆ కౌంటర్ అదే సర్వర్ మీద ఆధారపడిందా? ఆగిన రోజున గడువులు పొడిగించే నిబంధన ఉందా? సేవ రాత్రిపూట పనిచేస్తుందా? వెనకాల పాత కంప్యూటర్లు రాత్రి లెక్కలు చేసుకునే చోట వెబ్‌సైట్‌కూ పనివేళలుంటాయి. స్థితి పేజీ ఉంటే గత ఏడాది అంతరాయాలు అక్కడే దొరుకుతాయి.

రాసిపెట్టడం, సరిచూసుకోవడం

ప్రతి పరిశీలన పక్కన తేదీ, సమయం, పరికరం, బ్రౌజర్, పేజీ చిరునామా, స్క్రీన్‌షాట్ ఉండాలి. ప్రభుత్వ సైట్లు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. మూడు నెలల తర్వాత ఎవరైనా కాదంటే చూపించడానికి అదొక్కటే మిగులుతుంది. మొత్తం మొదలుపెట్టకముందు ఒక సేవను ఇద్దరు విడివిడిగా నడిచి ఫలితాలు పక్కపక్కన పెట్టుకోండి. ఇద్దరికీ వేర్వేరు జవాబులొచ్చిన ప్రతి కాలమ్‌లోనూ నిర్వచనం సరిగా లేదని అర్థం. ముందు దాన్ని దిద్దాలి.

ఖాళీకి, సున్నాకు తేడా పాటించండి. ‘లేదు’, ‘చూడలేకపోయాం’, ‘ఈ దేశంలో వర్తించదు’ అనే మూడింటికీ మూడు గుర్తులు పెట్టండి. ఇంగ్లండ్‌లో జనన నమోదుకు 42 రోజుల్లోగా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లాలి, అది ‘ఆన్‌లైన్‌లో లేదు’. డెన్మార్క్‌లో కాన్పు చేసిన మంత్రసానే పుట్టుకను తెలియజేస్తుంది, అది ‘తల్లిదండ్రులకు వర్తించదు’. రెండిటికీ ఒకే సున్నా వేస్తే పట్టిక తలకిందులవుతుంది.

అన్నీ కలిపి ఒకే మార్కు చేయమని అడుగుతారు. వీలైతే ఒప్పుకోకండి. తప్పదంటే ముందు గేట్లు పెట్టండి: స్క్రీన్ రీడర్‌తో పూర్తి చేయలేని సేవ, తిరస్కరణకు కారణం చెప్పని సేవ మిగతావన్నీ ఎంత బాగున్నా పై శ్రేణిలోకి రాకూడదు. ఆ తర్వాతే కూడిక. ఏ కొలతకు ఎంత బరువు ఇచ్చారో పట్టిక కిందే రాయండి. బరువులు కొంచెం మార్చి మళ్లీ లెక్కకట్టండి. క్రమం మారిపోతే ఆ దేశాల మధ్య చెప్పదగ్గ తేడా లేదని రాయండి.

ప్రచురించే ముందు ఆయా శాఖలకు వాళ్ల వరుసలు పంపి రెండు వారాల గడువివ్వండి. పేజీ లింకుతో, ఆధారంతో వచ్చిన దిద్దుబాట్లు తీసుకోండి. ‘వచ్చే నెల మార్చబోతున్నాం’ అన్న జవాబొస్తే దాన్ని వ్యాఖ్యల కాలమ్‌లో తేదీతో రాసి, కొలిచిన విలువను మాత్రం అలాగే ఉంచండి.